మూడు సలహాలు చెప్పొచ్చు, మూడు అడ్వైసెస్ చెప్పలేం: ఇంగ్లీషు నామవాచకాల్లో దొర్లే తప్పులు, వాటి మూలం, సరిచేసుకునే పద్ధతి

పాలకొల్లుకీ నరసాపురానికీ మధ్య ఒక ఊళ్ళో పద్దెనిమిదేళ్ళుగా ఇంగ్లీషు ట్యూషన్ చెబుతున్నాను. పిల్లల నోటుబుక్కులతో పాటు ఉద్యోగాల దరఖాస్తులు, గల్ఫ్ వెళ్ళేవాళ్ళ బయోడేటాలు, రొయ్యల వ్యాపారుల ఉత్తరాలు కూడా నా బల్ల మీదికి వస్తుంటాయి. అందరూ భయపడేది టెన్సులకి. నా ఎర్ర పెన్ను ఎక్కువసార్లు ఆగేది మాత్రం నౌన్ దగ్గర. అదీ ఎప్పుడూ అవే పాతిక మాటల దగ్గర. ఏ తప్పు కనిపిస్తే దాని మూలం ఎక్కడ వెతకాలో, ఎలా దిద్దుకోవాలో ఒక్కచోట రాసి పెడుతున్నాను. నౌన్ అంటే ఏమిటి, ఎస్ చేరిస్తే బహువచనం ఎలా అవుతుంది వంటివి మీకు తెలుసుననే అనుకుంటున్నాను.

ప్రాపర్, కామన్, కలెక్టివ్, మెటీరియల్, అబ్‌స్ట్రాక్ట్. ఈ ఐదు రకాల్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే పదో తరగతి కుర్రాడు, ఆ పేజీ తిప్పగానే ‘మై ఫాదర్ గేవ్ మీ మెనీ అడ్వైసెస్’ అని రాస్తాడు. వాడు చదవలేదని కాదు. ఆ ఐదు రకాలు ఒక మాట దేనికి పేరో చెబుతాయి. ఆ మాటని వాక్యంలో ఎలా నడపాలో చెప్పవు. వాక్యం రాసేటప్పుడు మనకి కావలసినవి మూడే: చివర ఎస్ చేరుతుందా, ముందు ‘ఎ’ గానీ ‘ఏన్’ గానీ పెట్టొచ్చా, తరవాత ‘ఈజ్’ రావాలా ‘ఆర్’ రావాలా. ఈ మూడింటికీ జవాబు ఇంకో విభజనలో ఉంది. లెక్కకి వచ్చేవి కౌంటబుల్, రానివి అన్‌కౌంటబుల్. బళ్ళో దీన్ని ఒక పీరియడ్‌లో చెప్పేసి, ఐదు రకాల మీద వారం గడుపుతారు. తిరగేసి చెప్పాలి.

ముందు ఇది చూడండి

అనుమానం వచ్చిన మాటని లెర్నర్స్ డిక్షనరీలో తెరవండి. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన ఈ డిక్షనరీలు ఫోన్‌లో ఉచితంగానే దొరుకుతాయి. మాట పక్కనో, ఒక్కో అర్థం పక్కనో చిన్న గుర్తు ఉంటుంది. ‘సి’ అని ఉంటే కౌంటబుల్, ‘యు’ అని ఉంటే అన్‌కౌంటబుల్. కొన్నిటిలో అక్షరానికి బదులు ఆ మాటే పూర్తిగా రాసి ఉంటుంది.

ఇంతే. పది సెకన్ల పని. అయినా నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఈ గుర్తు చూసేవాళ్ళు చాలా అరుదు. మాటకి తెలుగు అర్థం వెతుకుతారు, దొరకగానే ఫోన్ మూసేస్తారు. అర్థం వాళ్ళకి ముందే తెలుసు. తెలియంది ఈ గుర్తే. అనువాదం చేసిపెట్టే యాప్‌లు దీన్ని సాధారణంగా చూపించవు. ఇంగ్లీషువాళ్ళు తమకోసం రాసుకున్న మామూలు డిక్షనరీలు చాలావాటిలో కూడా ఇది ఉండదు, పుట్టినప్పటినుంచీ ఆ భాష మాట్లాడేవాడికి ఆ గుర్తుతో పని లేదు గనక. మనకి ఉంది. అందుకే లెర్నర్స్ డిక్షనరీ అని గట్టిగా చెబుతున్నాను.

గుర్తు మాటకంతటికీ ఒకటే అనుకోకండి, అర్థం అర్థానికీ మారుతుంది. మొదటి అర్థం దగ్గరే ఆగిపోకుండా మీకు కావలసిన అర్థం దాకా కిందికి వెళ్ళి అక్కడి గుర్తు చూడండి.

లక్షణం: స్పెల్లింగ్ సరిగానే ఉంది, గ్రామర్ సరిగానే ఉన్నట్టుంది, అయినా వాక్యం తప్పు

‘ప్లీజ్ సెండ్ మీ ద ఇన్ఫర్మేషన్స్.’ ‘అవర్ లగేజెస్ ఆర్ ఇన్ ద బస్.’ ‘ఐ హావ్ మెనీ వర్క్స్ టుడే.’ ‘వుయ్ బాట్ న్యూ ఫర్నిచర్స్.’ ‘ద మిల్క్ ఆర్ బాయిలింగ్.’

ఐదింటికీ మూలం ఒక్కటే. నన్ను ఎక్కువసార్లు దెబ్బ తీసింది కూడా ఇదే, కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఒకసారి నరసాపురం వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. వాళ్ళమ్మగారు, ఇంకో పదిమంది ఆడవాళ్ళు క్రోషియాతో లేస్ అల్లుతారు. నరసాపురం చుట్టుపక్కల 19వ శతాబ్దంలో మిషనరీల కాలం నుంచీ ఉన్న పని అది. మధ్యలో దళారీ లేకుండా నేరుగా విదేశంలో ఎవరికైనా అమ్ముకోవాలని ఆ అమ్మాయి ఒక ఈమెయిల్ రాసుకుంది. ‘మాస్టారూ, ఒక్కసారి చూసిపెట్టండే’ అని ఫోన్ నా చేతికిచ్చింది. మొదటి వాక్యం: ‘వుయ్ మేక్ హ్యాండ్‌మేడ్ లేసెస్.’ నేను కామాలు సరిచేశాను. ఊరి పేరుకి పెద్దక్షరం పెట్టాను. ‘హ్యాండ్‌మేడ్’ స్పెల్లింగ్ దిద్దాను. ‘లేసెస్’ మీదుగా నా కళ్ళు రెండుసార్లు వెళ్ళాయి, ఎక్కడా ఆగలేదు. ‘మా ఇంట్లో లేసులు అల్లుతారు’ అని నేను రోజూ వినే మాటే కదా. చెవికి అడ్డు తగల్లేదు.

నాలుగు రోజులకి జవాబు వచ్చింది. బూట్లకి కట్టుకునే తాళ్ళు మేం కొనం అని, మర్యాదగానే.

ఇంగ్లీషులో ‘లేస్’ రెండు రకాలు. అల్లిక గుడ్డ అనే అర్థంలో అది అన్‌కౌంటబుల్, ఎస్ చేరదు. తాడు అనే అర్థంలో కౌంటబుల్, ‘లేసెస్’ అనగానే చదివేవాడికి ముందు బూటు తాళ్ళే తడతాయి. ‘వుయ్ మేక్ హ్యాండ్‌మేడ్ లేస్’ అని రాసి ఉంటే సరిపోయేది. ఒక్క అక్షరం. డిక్షనరీలో ఆ గుర్తు చూడమని పిల్లలకి రోజూ చెప్పే నేను ఆ రోజు చూడలేదు. ఆ అమ్మాయి మళ్ళీ రాసింది, ఈసారి ఇద్దరం కలిసి ఒక్కో నౌన్ వెతికి రాశాం. మొదటిచోట మాత్రం ఆ తలుపు మూసుకుపోయింది. ఆ సంగతి ఇప్పటికీ నాకు బాధే.

అసలు మూలం ఏమిటంటే, మనం లెక్క తెలుగులో వేసి రాత ఇంగ్లీషులో రాస్తున్నాం.

తెలుగులో నీళ్ళు బహువచనం. నీళ్ళు వస్తాయి, నీళ్ళు ఆగిపోతాయి. పాలు పొంగుతాయి. డబ్బులు అయిపోతాయి. ‘బియ్యం’ చివర ‘లు’ లేకపోయినా ‘బియ్యం నిండుకున్నాయి’ అనే అంటాం. ‘కాసిని మంచినీళ్ళు ఇవ్వండి’ అంటాం, ‘ఎసరుకి ఎన్ని నీళ్ళు పోయను?’ అని అడుగుతాం. కాసిని, ఎన్ని, ఇవన్నీ లెక్కించే మాటలు. అంటే మన భాష నీళ్ళనీ పాలనీ కూడా లెక్కలోకి తీసుకుంటుంది. తెలుగులో అది నూటికి నూరుపాళ్ళు ఒప్పు. ఆ అలవాటుతోనే మన పిల్లవాడు ‘ద మిల్క్ ఆర్ బాయిలింగ్’ అని రాస్తాడు. ‘పాలు పొంగుతున్నాయి’ లోంచి ‘ఆర్’ వచ్చింది. వాడి బుర్ర సరిగానే పనిచేసింది, భాష మారిందని గమనించలేదంతే.

సలహాలు, వార్తలు, పనులు, సామాన్లు. ఇవి కూడా మనకి లెక్కకి వచ్చేవే. ‘నీకు మూడు సలహాలు చెబుతాను’ అంటే ఎంత సహజంగా ఉంటుందో! ఇంగ్లీషులో ‘అడ్వైస్’కి మూడూ లేదు, ఒకటీ లేదు. ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’ అనాలి, లేదా ‘సమ్ అడ్వైస్’. ‘న్యూస్’ చివర ఎస్ ఉన్నా అది బహువచనం కాదు. ‘ద న్యూస్ ఈజ్ గుడ్’ అనే రాయాలి.

దీనికంటే మోసం చేసేది ఇంకోటుంది. మన నోట్లో ఇప్పటికే తెలుగైపోయిన ఇంగ్లీషు మాటలు. లగేజీ, ఫర్నిచర్, స్టాఫ్, హోంవర్క్, మెషినరీ, సీనరీ, పోలీస్. ఇవి మనింట్లోకి వచ్చాక మన పద్ధతి నేర్చుకున్నాయి. ‘లగేజీలు దింపండి’ అంటాడు బస్సు క్లీనరు. ‘హోంవర్కులు అయ్యాయా?’ అని అడుగుతుంది తల్లి. ఆ మాటలు తెలుగులో మాట్లాడేటప్పుడు అలాగే అనండి, ఎవరూ దిద్దక్కర్లేదు. ఇబ్బందల్లా ఏమిటంటే, అదే మాటని ఇంగ్లీషు వాక్యంలో పెట్టేటప్పుడు ‘ఇది ఇంగ్లీషు మాటేగా, నాకు తెలిసిందేగా’ అనిపిస్తుంది. తెలియని మాటైతే డిక్షనరీ తీస్తాం. తెలిసిన మాటని ఎవరూ వెతకరు. అందుకే ఈ తప్పు ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళలో కూడా ఏళ్ళ తరబడి దాగి ఉంటుంది.

‘సీనరీ’ చూడండి. తెలుగులో సీనరీ అంటే గోడకి తగిలించే ప్రకృతి దృశ్యం బొమ్మ. ‘హాల్లో రెండు సీనరీలు పెట్టాం’ అంటాం. ఇంగ్లీషులో సీనరీ అంటే కంటిముందు పరుచుకున్న ప్రకృతి అందం, అంతా కలిపి ఒకటే. పాపికొండలు వెళ్ళొచ్చిన పిల్లల వ్యాసాల్లో ‘బ్యూటిఫుల్ సీనరీస్’ లేని వ్యాసం నేను చూడలేదు. ‘బ్యూటిఫుల్ సీనరీ’ చాలు. ‘పోలీస్’ దీనికి ఎదురు దిక్కు. మనకి ‘ఒక పోలీసు వచ్చాడు’, అంటే ఒక మనిషి. ఇంగ్లీషులో పోలీస్ అంటే దళం, ఎప్పుడూ బహువచనం: ‘ద పోలీస్ ఆర్ కమింగ్.’ ఒక మనిషిని చెప్పాలంటే ‘ఎ పోలీస్ ఆఫీసర్’. స్టాఫ్ అన్నా ఉద్యోగులంతా కలిపి, ఒకరిని చెప్పాలంటే ‘ఎ మెంబర్ ఆఫ్ స్టాఫ్’.

దీన్ని ఎలా దిద్దాలి

‘ఆ వస్తువుని లెక్కపెట్టగలమా లేదా’ అని ఆలోచించమని చాలామంది చెబుతారు. ఆ పరీక్ష వద్దు. ఫర్నిచర్‌ని లెక్కపెట్టగలం, ఇంట్లో నాలుగు కుర్చీలు ఒక బల్ల కళ్ళకి కనిపిస్తూనే ఉన్నాయి. డబ్బుని బ్యాంకులో మిషను పెట్టి మరీ లెక్కపెడతారు. అయినా ‘ఫర్నిచర్’, ‘మనీ’ రెండూ అన్‌కౌంటబులే. లెక్కకి రావడం, రాకపోవడం వస్తువు గుణం కాదు, ఆ మాట గుణం. చైర్ లెక్కకి వస్తుంది, ఫర్నిచర్ రాదు. బ్యాగ్ వస్తుంది, లగేజ్ రాదు. మెషీన్ వస్తుంది, మెషినరీ రాదు.

భీమవరం వైపు రొయ్యల రైతుల పిల్లలకి నేను ఇలా చెబుతాను. మీ నాన్నగారు రొయ్యని కౌంట్‌తో అమ్ముతారు. వంద కౌంట్ అంటే కిలోకి వంద రొయ్యలు తూగుతాయని. మేత మాత్రం బస్తాల్లో కొంటారు. మేత గింజల్ని ఏరి లెక్కపెట్టేవాడు ఎవడూ లేడు, లెక్కంతా బస్తాకే. ఇంగ్లీషులో అన్‌కౌంటబుల్ మాటలకీ అదే పద్ధతి. మాటని ముట్టుకోకు, దానికో బస్తా తగిలించి బస్తాని లెక్కపెట్టు. ‘టెన్ బ్యాగ్స్ ఆఫ్ ఫీడ్’ అన్నప్పుడు ఎస్ బ్యాగ్‌కి చేరింది, ఫీడ్‌కి చేరలేదు. ఆ పిల్లలు దీన్ని మళ్ళీ మరిచిపోరు.

ధాన్యానికీ ఇదే. ‘ఫార్టీ బ్యాగ్స్ ఆఫ్ ప్యాడీ’ అనాలి. ‘ప్యాడీస్’ అని రాశారో, ఇంగ్లీషులో దానికి వరి చేలు అని అర్థం. నలభై బస్తాల పొలాలు అమ్మినట్టవుతుంది. సలహాకీ ఫర్నిచర్‌కీ బస్తా ‘పీస్’: ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’, ‘టూ పీసెస్ ఆఫ్ ఫర్నిచర్’. పాలకి ‘లీటర్’, నీళ్ళకి ‘గ్లాస్’ లేదా ‘బాటిల్’. మన భాషలో మూర పూలు, చెంబుడు నీళ్ళు, గెల అరటిపళ్ళు అన్నట్టే.

ఇంకా సులువైన దారి, నేనైతే ఎక్కువగా చెప్పేది, మాటనే మార్చేయడం. ప్రతి అన్‌కౌంటబుల్ మాటకీ సాధారణంగా లెక్కకి వచ్చే చుట్టం ఒకటి ఉంటుంది. మూడు సలహాలే చెప్పాలంటే ‘త్రీ సజెషన్స్’. ఇన్ఫర్మేషన్‌కి బదులు ‘డీటెయిల్స్’. మెనీ వర్క్స్ బదులు ‘మెనీ టాస్క్స్’, లేదా ‘ఎ లాట్ ఆఫ్ వర్క్’. లగేజెస్ బదులు ‘బ్యాగ్స్’. ఎక్విప్‌మెంట్స్ బదులు ‘మెషీన్స్’, లేదా ఆ పరికరం పేరే రాయండి. రొయ్యల చెరువు మీద తిరుగుతూ నీళ్ళకి గాలి అందించేవి ఏరేటర్లైతే ‘సిక్స్ ఏరేటర్స్’ అనండి. సబ్సిడీ దరఖాస్తుల్లో ‘ఎక్విప్‌మెంట్స్’ అని రాసేకన్నా ఇది చదివేవాడికి కూడా స్పష్టంగా ఉంటుంది.

ఈ మాటల్ని ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి: అడ్వైస్, ఇన్ఫర్మేషన్, న్యూస్, నాలెడ్జ్, ప్రోగ్రెస్, ఎవిడెన్స్, రీసెర్చ్, హోంవర్క్, లగేజ్, బ్యాగేజ్, ఫర్నిచర్, ఎక్విప్‌మెంట్, మెషినరీ, జ్యువెలరీ, సీనరీ, ట్రాఫిక్, వెదర్, మనీ, రైస్, బ్రెడ్. మామూలు వాడుకలో వీటిలో దేనికీ ఎస్ చేర్చకండి, ముందు ‘ఎ’ పెట్టకండి, తరవాత ‘ఆర్’ రాయకండి. నా ఎర్ర సున్నాలు చాలావరకు ఈ ఇరవై మాటల చుట్టే ఉంటాయి.

అర్థాన్నిబట్టి రెండు వైపులా తిరిగేవి కొన్నున్నాయి. లేస్ ఎలాంటిదో చూశారు. ‘కోకోనట్’ మన ఇంటి ఉదాహరణ. అంబాజీపేటలో లారీకి ఎత్తేవి ‘కోకోనట్స్’, కాయలు. పచ్చడిలో వేసేది ‘కోకోనట్’, కోరు. ‘ఐ ఏట్ చికెన్’ అంటే కూర తిన్నాను, ‘ఐ ఏట్ ఎ చికెన్’ అంటే కోడిని మొత్తం ఒక్కడినే లాగించాను. ‘హెయిర్’ అంటే జుట్టు, ‘ఎ హెయిర్’ అంటే ఒక వెంట్రుక. మనకి రెండు మాటలున్నచోట వాళ్ళు ఒకే మాటని రెండు విధాలుగా నడుపుతారు. కాబట్టి ‘మై హెయిర్స్ ఆర్ లాంగ్’ అంటే పొడవాటి వెంట్రుకలు కొన్ని ఉన్నాయని చెప్పినట్టుంటుంది. ‘పేపర్’ కాగితమైతే అన్‌కౌంటబుల్, న్యూస్‌పేపరైనా పరీక్ష పేపరైనా కౌంటబుల్. బయోడేటాల్లో తరచూ తప్పుపోయేది ‘ఎక్స్‌పీరియన్స్’. ఉద్యోగ అనుభవం అన్‌కౌంటబుల్: ‘ఫైవ్ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్’. జీవితంలో జరిగిన సంఘటనలైతే ‘ఎక్స్‌పీరియన్సెస్’. పని కోసం పంపే కాగితంలో రెండోది కనిపిస్తే చదివేవాడు మొదటి పేజీలోనే ఆగిపోతాడు.

‘వాటర్స్’ అనే మాటే లేదా అని అడుగుతారు. ఉంది. వరద వార్తల్లో ‘ఫ్లడ్ వాటర్స్’ అని మీరు చదివే ఉంటారు, అది తప్పు కాదు. నది నీళ్ళు, సముద్ర జలాలు అన్నప్పుడు ఆ వాడుక ఉంది. హోటల్లో ‘టూ టీస్’ అనడం కూడా ఒప్పే, రెండు కప్పులని అర్థం. ఇవి చూసి ‘అయితే అన్నిటికీ చేర్చొచ్చు’ అనుకోకండి. డిక్షనరీలో ఆ అర్థం దగ్గర గుర్తు చూశాకే చేర్చండి.

లక్షణం: వాక్యం బోసిగా ఉంది

‘మై ఫాదర్ ఈజ్ ఫార్మర్.’ ‘ఐ బాట్ సైకిల్.’ ‘షీ లివ్స్ ఇన్ స్మాల్ హౌస్.’

తెలుగులో ‘మా నాన్న రైతు’ అంటే చాలు, ‘మా నాన్న ఒక రైతు’ అంటే పుస్తకం వాసన వస్తుంది. కాబట్టి ఇంగ్లీషులో కూడా ‘ఎ’ మనకి అనవసరంగా అనిపిస్తుంది. దీనికి ఒకటే నియమం, మినహాయింపులు అతి తక్కువ. లెక్కకి వచ్చే మాట ఏకవచనంలో ఎప్పుడూ ఒంటరిగా నిలబడదు. దాని ముందు ఏదో ఒకటి ఉండాలి: ఎ, ఏన్, ద, మై, హిజ్, దిస్, ఎవ్రీ. ఏదైనా సరే. రాసిన పేజీలో ప్రతి నౌన్ కిందా పెన్సిల్‌తో గీత గీయండి. ఎస్ లేదు, ముందు ఏమీ లేదు, పైగా లెక్కకి వచ్చే మాట, ఈ మూడూ కలిస్తే అక్కడ తప్పుంది. ‘గో టు స్కూల్’, ‘బై బస్’ లాంటి కొన్ని పలుకుబళ్ళు మాత్రం వదిలేయండి.

అన్‌కౌంటబుల్ మాటకి ఈ బాధ లేదు, అది ఒంటరిగా నిలబడుతుంది: ‘వుయ్ నీడ్ రైస్.’ ఇక్కడ కూడా జవాబు ఆ ‘సి’, ‘యు’ గుర్తులోనే ఉందని గమనించారు కదా.

లక్షణం: ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’

‘మా ఫ్రెండొకడు హైదరాబాదులో ఉంటాడు’ అనే మాట నుంచి పుడుతుంది. మనం ఒక్కడి గురించే ఆలోచిస్తాం. ఇంగ్లీషు గుంపుని ముందు పెట్టి అందులోంచి ఒకణ్ణి తీస్తుంది. గుంపు కాబట్టి ‘ఫ్రెండ్స్’, తీసింది ఒకణ్ణి కాబట్టి ‘ఈజ్’ లేదా ‘లివ్స్’. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ లివ్స్ ఇన్ హైదరాబాద్.’ ‘ఆఫ్’ తరవాత నౌన్ బహువచనం, క్రియ మాత్రం ఏకవచనం. ఇది నోటికి పట్టేదాకా రోజూ రెండు వాక్యాలు పైకి అనండి.

లక్షణం: ‘ఫైవ్ ఏకర్స్ పాండ్’, ‘టెన్ రూపీస్ నోట్’

‘ఐదెకరాల చెరువు’, ‘పది రూపాయల నోటు’. ఎకరాల, రూపాయల, రెండూ బహువచనాలే, తెలుగుకి అదే అందం. ఇంగ్లీషులో ఒక నౌన్ ఇంకో నౌన్‌కి ముందు నిలబడి దాన్ని వర్ణిస్తుంటే మామూలుగా ఎస్ విప్పేస్తుంది: ‘ఎ ఫైవ్-ఏకర్ పాండ్’, ‘ఎ టెన్-రూపీ నోట్’. అదే నౌన్ చివర సొంతంగా వస్తే ఎస్ మళ్ళీ వస్తుంది: ‘ద పాండ్ ఈజ్ ఫైవ్ ఏకర్స్.’ అడుగులు కూడా అంతే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకి ఇస్తారు, అక్కడ ‘ఫీట్’. ఆరడుగుల గోడ అంటే మాత్రం ‘ఎ సిక్స్-ఫుట్ వాల్’.

లక్షణం: పేర్ల దగ్గర పెద్దక్షరాలు, ‘ద’ గందరగోళం

తెలుగు లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం అనే తేడా లేదు. కాబట్టి ప్రాపర్ నౌన్‌ని గుర్తుపట్టడం వచ్చినా దాన్ని రాతలో చూపించే అలవాటు మన చేతికి లేదు. వారాలు, నెలలు, భాషల పేర్లు తప్పకుండా పెద్దక్షరంతో మొదలవ్వాలి. ‘తెలుగు’ అని ఇంగ్లీషులో రాసినా పెద్దక్షరమే. పిల్లలు ఎక్కువగా మరిచిపోయేది దీన్నే. ‘రివర్’ అనే మాట గోదావరి పేరుతో కలిసి వస్తే పెద్దక్షరం, ‘ద రివర్ ఈజ్ ఫుల్’ అన్నప్పుడు చిన్నక్షరం.

‘ద’ విషయంలో మన డెల్టావాళ్ళకి ఒక సౌకర్యం ఉంది, ఉదాహరణలన్నీ ఇంటి చుట్టూనే ఉన్నాయి. నదులకి ‘ద’ ఉంటుంది: ద గోదావరి, ద గౌతమి, ద వశిష్ఠ. సముద్రాలకీ అఖాతాలకీ ఉంటుంది: ద బే ఆఫ్ బెంగాల్. ఊళ్ళకి, జిల్లాలకి ఉండదు: భీమవరం, అమలాపురం, కోనసీమ. సరస్సుకి ఉండదు: కొల్లేరు లేక్. ఇక్కడ పిల్లలు చిక్కుకునేది ‘గోదావరి’ నదీ అయ్యింది, జిల్లా పేరులోనూ ఉంది గనక. ఏప్రిల్ 2022లో జిల్లాలు విడిపోయాక కూడా ఈస్ట్ గోదావరి, వెస్ట్ గోదావరి అనే పేర్లు మిగిలాయి. నది అయితే ‘ద గోదావరి’, జిల్లా అయితే ‘వెస్ట్ గోదావరి’ అని ‘ద’ లేకుండా. ‘వెస్ట్ గోదావరి లైస్ టు ద వెస్ట్ ఆఫ్ ద గోదావరి.’ ఈ ఒక్క వాక్యాన్ని పదిసార్లు రాయిస్తాను, చాలు.

ఇవి అరుదు

సిజర్స్, ట్రౌజర్స్ లాంటివి ఎప్పుడూ బహువచనమే, ‘ఎ పెయిర్ ఆఫ్’ తగిలించండి. మ్యాథమెటిక్స్, ఎకనామిక్స్ చివర ఎస్ ఉన్నా ఏకవచనమే. షీప్, డీర్ బహువచనంలో మారవు. ఫిష్ కూడా మామూలుగా మారదు, రకరకాల చేపలని చెప్పేటప్పుడు ‘ఫిషెస్’ అనడం ఉంది. టీమ్, ఫ్యామిలీ, కమిటీలకి ‘ఈజ్’ పెట్టినా ఒప్పే, బ్రిటిష్ పద్ధతిలో ‘ఆర్’ పెట్టినా ఒప్పే, ఒకే రాతలో రెండూ కలపకుండా ఉంటే చాలు. లాటిన్ నుంచి వచ్చిన మాటల బహువచనాల కోసం మీ సాయంత్రం పాడుచేసుకోకండి. ‘అడ్వైస్’ స్పెల్లింగ్‌లో నౌన్‌కైతే సి అక్షరం, క్రియకైతే ఎస్ అక్షరం, అంతే.

అన్నీ చూశాక కూడా వాక్యం ఎక్కడో గుచ్చుకుంటోందంటే, అందులో మీరు రోజూ తెలుగులో వాడే ఇంగ్లీషు మాట ఏదైనా ఉందేమో వెతకండి. ముందు దాన్నే డిక్షనరీలో తెరవండి. లేస్ అల్లే ఇంటి అమ్మాయి ఇప్పుడు అలాగే చేస్తోంది. ఈమెయిల్ రాసుకుని, పంపే ముందు నౌన్‌లన్నిటి కిందా గీతలు గీసిన కాగితాన్ని ఫొటో తీసి నాకు పెడుతుంది. పోయిన వారం పెట్టినదాంట్లో ‘థ్రెడ్’ పక్కన తన చేత్తోనే రెండు అక్షరాలూ రాసి ఉన్నాయి, సి, యు. కింద ఒక ప్రశ్న: ‘మాస్టారూ, నూలు అని చెప్పాలంటే ఇందులో ఏదండీ?’